తాళాల షాపు తాళం

తమ్ముడు చివరిగా చేసిన మామూలు పని ఫ్రిజ్ ప్లగ్గు పీకడం. మైకు ముందు ఏదైనా చప్పుడు పట్టాలనుకున్నప్పుడల్లా ఆ పని చేసేవాడు. ఫ్రిజ్ గుర్రుమంటుంటే మైకు ఆ గుర్రును కూడా పట్టేస్తుందట. పనయ్యాక ప్లగ్గు మళ్లీ పెట్టాలన్న సంగతి మాత్రం ఏనాడూ గుర్తుండేది కాదు. ఆ రోజూ పీకాడు, ఏదో చప్పుడు పట్టాడు, తలుపు వేసుకుని బయటికెళ్లాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చివరి స్టాపులో కండక్టరు భుజం తట్టేదాకా ఎవరికీ తెలియదు.

అక్క వెళ్లి ఆ గది తలుపు తీసేసరికి పాలు విరిగిపోయి, గదంతా పులిసిన వాసన. ఏడవడానికి వచ్చిన మనిషి ముందు తిట్టింది. "పోతూ పోతూ కూడా పాలు విరగ్గొట్టి పోయావు కదరా!" అని ఖాళీ గదిని కేకలేసి, ప్లగ్గు పెట్టి, అప్పుడు కూర్చుని ఏడ్చింది.

ఆమె బడిలో లెక్కల టీచరు. తప్పు లెక్కకు దయతలచి సగం మార్కు వేసిన పాపం ఎరగదు. వాళ్ల నాన్నకు మెట్ల కింద బీరువా అంత వెడల్పున తాళాల షాపు ఉండేది. చెవులు పోగొట్టుకున్నవాళ్లకు కొత్త చెవులు కోసిచ్చేవాడు. తెలుగులో తలుపుకు వేసేదీ తాళమే, పాటకు వేసేదీ తాళమే. మొదటిది నాన్నకు అన్నం పెట్టింది. రెండోది కొడుకు పట్టుకున్నాడు. చుట్టాలకు అంతకంటే ఏం కావాలి?

"అయ్య తాళాలు తీశాడు, కొడుకు తాళాలు వేస్తున్నాడు. ఇంక ఆ ఇల్లు తెరుచుకున్నట్టే!" అని బాబాయి ప్రతి పెళ్లిలోనూ అనేవాడు. జనం ప్రతి పెళ్లిలోనూ నవ్వేవారు. ఈ బాబాయి జీవితంలో చేసిన చెప్పుకోదగ్గ పని రిటైరవడం.

నిజానికి తమ్ముడికి ఏ వాయిద్యమూ రాదు. ఈల కూడా తిన్నగా వేయలేడు. చప్పుళ్లు పట్టేవాడు. లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు, బకెట్ కాడ పడే చప్పుడు, కాగితాలకు పిన్ను కొట్టే చప్పుడు. వాటిని కంప్యూటర్లో గోరంత ముక్కలుగా కోసి, వరసగా పేర్చి పాట చేసేవాడు. ఆ పాటలు ఫోన్లలో ఆడే ఒక గేములోకి వెళ్లేవి. తెర మీద పైనుంచి రంగు చుక్కలు రాలుతుంటాయి. పాటలో దెబ్బ పడిన క్షణానే చుక్క మీద వేలు పడాలి. నాలుగైదుసార్లు తప్పితే గేము మెడపట్టి గెంటేస్తుంది.

"అంటే నువ్వు చేసేది అతుకుల బొంత" అంది అక్క, మొదటిసారి విన్నప్పుడు.

"మీ లెక్కలు మాత్రం? తీసివేతలో చాలకపోతే పక్కంకె దగ్గరికెళ్లి ఒకటి అడుక్కొస్తారు. నేను అడుక్కోనక్కా, దొంగిలిస్తా."

"సిగ్గులేకుండా చెప్తున్నావు."

"చప్పుడుకి యజమాని ఎవడే? బకెట్టొచ్చి కేసు పెడుతుందా?"

వాడికి లోకమంతా లోకువే. పాటగాళ్ల గురించి, "వాళ్లు గొంతు సవరించుకునేలోపు నా పాట అయిపోతుంది" అనేవాడు. తన పాటల్ని మెచ్చుకునేవాళ్లనీ వదిలేవాడు కాదు. "వేళ్లు నొప్పి పుడితే గొప్ప పాటంటారు వెధవలు. ఆ లెక్కన పచ్చడి రుబ్బితే కచేరీయే!"

షాపు ఎత్తేశాక నాన్న తాళాలన్నీ ఒక రేకు పెట్టెలో అక్క ఇంట్లో మంచం కింద పడి ఉన్నాయి. ఒకరోజు తమ్ముడు వచ్చి ఆ పెట్టె ముందు చతికిలబడ్డాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. వారం పాటు ఆ ఇంట్లో పాలు నిలవలేదు. ట్రంకు పెట్టె తాళం ఠక్కు, బీరువా తాళం నంగినంగిగా చిటుక్కు, షట్టరు తాళం ఖణేలు, చెవుల గుత్తి గలగల, అన్నీ మైకులోకి ఎక్కాయి. అవన్నీ కలిపి చేసిన పాట గేములో ఆఖరి పాట అయింది. అన్నిటికన్నా కష్టమైనదీ అదే. నడుమ ఒకచోట తాళాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఇదిగో ఇప్పుడు దెబ్బ పడుతుంది అనుకున్నచోట పడదు. వెంట్రుకవాసి ఆగి పడుతుంది. ఆడేవాళ్లందరూ అక్కడే బోర్లాపడేవారు.

అక్క పెన్సిలుతో బల్ల మీద తడుతూ విని, అక్కడికి రాగానే ఆపింది.

"ఇక్కడ తప్పింది."

"తప్పలేదు."

"ఆలస్యంగా పడిందిరా."

"అది అంతే."

"అంతే అంటే? తప్పును అలాగే ఉంచేస్తావా?"

"తప్పనే అనుకో. ఎర్ర సిరాతో సున్నా చుట్టు. దిద్దను మాత్రం."

గేము కంపెనీ మేనేజరు దగ్గరా ఇదే మొండితనం. పాటలో ఏం మార్చాలన్నా తన ఒప్పుదల, తను లేకపోతే తన అక్క ఒప్పుదల ఉండాలని షరతు పెట్టించుకున్నాకే పాట ఇచ్చాడు. జీతం పెంచమని ఎన్నడూ నోరెత్తని మనిషి దీనికోసం నెల్లాళ్లు పోట్లాడాడు.

అందుకే ఆ మేనేజరు పూలగుత్తి పట్టుకుని అక్క ఇంటికొచ్చాడు. పరామర్శ పేరుతో రోజూ కాఫీకి వస్తున్న బాబాయి అప్పటికే సోఫా నిండా ఉన్నాడు.

"సార్ లేని లోటు మాకు పూడ్చలేనిది మేడమ్."

"బతికుండగా వాణ్ణి సార్ అనేవాళ్లా?"

"అంటే... పేరు పెట్టి పిలిచేవాళ్లం మేడమ్. ఫ్రెండ్లీగా."

"ఓహో. పోయాక ప్రమోషన్ వచ్చిందన్నమాట."

మేనేజరు పూలగుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఆఖరి పాటలో చిన్న మిస్టేకుంది మేడమ్. ఒక బీటు లేటుగా పడుతోంది. ప్లేయర్లు గోల చేస్తున్నారు. మీరు ఊఁ అంటే దాన్ని కాస్త ముందుకు జరిపి, సార్‌కి నివాళిగా మళ్లీ రిలీజ్ చేస్తాం."

"మిస్టేకని వాడు ఒప్పుకున్నాడా?"

"సార్ కొంచెం మొండి కదా మేడమ్."

తప్పేనని ఆమెకూ తెలుసు. తన క్లాసులో పిల్లాడెవడైనా అలా చేస్తే చెవి మెలిపెట్టేది. కానీ తమ్ముణ్ణి మొండివాడనే హక్కు ఈ భూమ్మీద తన ఒక్కదానికే ఉందని ఆమె నమ్మకం. ఆ మాట ఈ పూలగుత్తివాడి నోట వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వెంట్రుకంత తేడా మేడమ్. ఎవరికీ తెలియదు కూడా."

"ఎవరికీ తెలియని తేడాకి ఇంత దూరం పూలు మోసుకొచ్చారా?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఒప్పుకో తల్లీ. పోయినవాడి తప్పు దిద్దితే పుణ్యమే."

"మీరు రిటైరయ్యారు బాబాయ్. దిద్దడం ఇంకా నా ఉద్యోగమే."

మేనేజరు చివరి ప్రయత్నంగా, "కారణం చెప్తే పైవాళ్లకి ఏదో చెప్పుకుంటాను మేడమ్" అన్నాడు.

"మా నాన్న షాపులో ఒక తాళం అలాగే పడేది. కాస్త ఆగి. రాసుకోండి."

పచ్చి అబద్ధం. నాన్న చేతిలో తాళం ఆగి పడటమా! నూనె చుక్క వేసి, చెవిలో చెప్పినట్టు చెప్పి తీసేవాడు. తప్పు లెక్కను ఒప్పు అని ఆమె అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మేనేజరు రాసుకున్నాడు. పూలు వదిలేసి వెళ్లాడు. బాబాయి కాఫీ తాగే వెళ్లాడు. దెబ్బ ఉన్నచోటనే ఉండిపోయింది.

అయితే ఆడిన అబద్ధం లెక్కల టీచరును నిలవనివ్వలేదు. మంచం కింది పెట్టె లాగి, ఫోనులో పాట పెట్టుకుని, ఒక్కొక్క తాళమే వేసి తీసి చూసింది. ఠక్కు దొరికింది, చిటుక్కు దొరికింది, ఖణేలు దొరికింది. ఆగి పడే ఆ ఒక్క చప్పుడు చేసే తాళం మాత్రం పెట్టెలో లేదు. మెత్తగా, తడిగా ఉంటుందది. ఇనుము అలా మోగదు. "ఎక్కణ్ణుంచి కాజేశావురా దీన్ని?" అని గోడ మీది ఫొటోను నిలదీసింది. ఫొటో ఎప్పటిలాగే వెటకారంగా నవ్వుతోంది.

ఎండలు ముదిరాక కంపెనీ నుంచి ఒకామె వచ్చింది. గేములన్నీ ముందుగా ఆడి తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. తమ్ముడు ఆఫీసులో వదిలేసిన హెడ్‌ఫోన్లు ఇచ్చి, మంచినీళ్లు తాగి, "ఆ పాటను మీరు కాపాడారండీ. లేకపోతే ఈపాటికి చదును చేసేసేవాళ్లు" అంది.

"కాపాడటం కాదమ్మా. మీ మేనేజరు మొహం చూసి ఒళ్లు మండింది, అంతే. ఇంతకీ అది ఏ తాళం? పెట్టె అంతా వెతికాను."

వచ్చినామె చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"మీకు చెప్పలేదాండీ? అది తాళం కాదు. మీరే. ఆయన చప్పుళ్లు పడుతున్న వారంలో మీరు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే పట్టారట. నచ్చని మాట వింటే నాలుకతో 'చ్' అంటారట కదా మీరు! ఎవరైనా వెంటనే అంటారు, మా అక్క అవతలివాళ్లు చెప్పింది మొత్తం విని, కాస్త ఆగి అంటుంది అనేవారు. ముందుకు జరపమని మా మేనేజరు అడిగినప్పుడల్లా, జరిపితే అది వేరేవాళ్ల అక్క అవుతుందనేవారు."