మా నాయన తోలిన లారీలాంటిది: జబల్‌పూర్ నుంచి చందానగర్ దాకా

ఈ బ్లాగులో ఇంతవరకూ నా బైకు ప్రయాణాల గురించే రాశాను. ఈసారిది వేరు. పోయిన నెల జబల్‌పూర్‌లో ఒక పాత శక్తిమాన్ మిలిటరీ లారీ కొని, ఎనిమిది వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం రోడ్డు మీదే చందానగర్‌కు తోలుకొచ్చాం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేవాడికి మిలిటరీ లారీ ఎందుకని ఆఫీసులో అందరూ అడిగారు. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అయితే అడగలేదు, చేతులు జోడించాడు.

మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. మా నాయన సైన్యంలో పదహారేళ్ళు ఇలాంటి లారీయే తోలాడు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు, వచ్చినన్ని రోజులూ లారీ ముచ్చటే. "ఒక్కసారి నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతా" అని ప్రతి ఉత్తరంలోనూ అమ్మకు రాసేవాడు. సర్కారు బండిలో భార్యను ఎక్కించుకునే వీలెక్కడిది? ఆ మాట మాటగానే మిగిలింది. తర్వాత ఇద్దరూ నా దగ్గరికి, చందానగర్ ఫ్లాటుకు వచ్చేశారు. నాయనది పెద్ద గొంతు. ఉప్పు అడిగినా పోట్లాటకు దిగినట్టే ఉండేది. పక్క ఫ్లాటువాళ్ళు ఒకటి రెండుసార్లు తలుపు తీసి చూశారు. ఒక ఆదివారం నేను విసుక్కుని, "మెల్లగా మాట్లాడు నాయనా, ఇది మన పల్లె కాదు" అన్నాను. ఆయన మెల్లగా మాట్లాడలేదు, మాట్లాడటమే తగ్గించేశాడు. రెండేళ్ళు అలాగే గడిచాయి, ఆ తర్వాత మనిషే పోయాడు. పోయి నాలుగేళ్ళు. ఆ గొంతు ఒక్కసారి వినాలని నాకెంత ఉండేదో ఎవరికీ చెప్పుకోలేదు. అదెటూ జరగదు. కనీసం అమ్మను అలాంటి లారీలో కూర్చోబెట్టి, నాయన కూర్చున్న చోట నేను కూర్చుని తోలాలనుకున్నాను. ఈ ప్రయాణం అందుకే.

లారీ తోలడం నాకు రాదు. అందుకని యాదగిరి మామను బతిమాలుకున్నాను. మామది లింగంపల్లి. నాయనతో ఒకే దళంలో లారీ తోలినవాడు, నాయన పోయాక కూడా పండగకీ పబ్బానికీ మా ఇంటికి వచ్చే ఒకే ఒక్క స్నేహితుడు. అరవై అయిదు దాటాయి. బంద్‌లు, రాస్తారోకోలతో తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు కాబట్టి కొన్నాళ్ళు ఆగుదామా అంటే, "ఆగితె నేనుంటనో లేదో! నడువు బిడ్డా, ఫికర్ జేయకు" అన్నాడు. రైల్లో జబల్‌పూర్ వెళ్ళాం. సైన్యం వేలంలో కొని తిరిగి అమ్మే ఒక వ్యాపారి దగ్గర బండి తీసుకున్నాం. ప్రైవేటు బండికి ఆ ముదురాకుపచ్చ రంగు ఉండకూడదు, ఒక్కరోజు ఆగితే రంగు మార్పిస్తానన్నాడాయన. నేను వినలేదు. నాయన బండి ఏ రంగులో ఉండేదో అమ్మ ఆ రంగులోనే చూడాలి, ఇంటికి వెళ్ళాక మార్పిస్తానని మొండికేశాను. మీరు ఆ పని చేయకండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదటిరోజు ఉదయం అయిదున్నరకు బయలుదేరాం. బండి నలభై దాటదు. దాటించినా బ్రేకుల మీద నమ్మకం కుదరదు. లీటరుకు మూడున్నర కిలోమీటర్లు ఇస్తుంది, ఇల్లు చేరేసరికి డీజిలుకే పదివేలు దాటింది. కానీ వీటన్నిటికంటే చెప్పుకోవలసింది చప్పుడు. ఇంజను మన మోకాళ్ళ ముందే ఉంటుంది, క్యాబిన్ అంతా రేకు. అరిస్తేగానీ పక్కవాడికి వినపడదు. "మామా, నీళ్ళు కావాలా?" అన్న మాట మూడుసార్లు అరిచి చెప్పాను. పదిన్నరకు సివనీ దాటాక ఒక ధాబా దగ్గర ఆగి, రొట్టెలు, పప్పు చెప్పి కూర్చున్నాం. కాసేపటికి ధాబా యజమాని వచ్చి, కొట్లాడుకోవద్దు, ఇంటికి వెళ్ళాక మాట్లాడుకోవచ్చు కదా అని హిందీలో మెల్లగా సర్దిచెప్పాడు. మేం కొట్లాడుకోవడం లేదు. టీలో చక్కెర ఎక్కువైందని మామ అంటే, నాకు సరిపోయిందని నేనన్నాను, అంతే. కిందికి దిగి పావుగంటైనా ఇద్దరం అరుస్తూనే ఉన్నామని అప్పుడు తెలిసింది.

చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. అయిదు గంటలకే నా గొంతు ఇలా అయితే, పదహారేళ్ళకు ఏమవుతుంది?

మామ నా ముఖం చూసి కనిపెట్టాడు. "మీ నాయన గొంతు మొదట్ల సన్నగనే ఉండె. నీ అసొంటిదే. గీ ఇంజను పక్కపొంటి కూసుంటె ఎవ్వనిదైన గంతే" అన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "చందానగర్ స్టేషన్ల బెంచీ ఎరికేనా నీకు?" అని అడిగాడు. తెలియదన్నాను. "నేనొచ్చినప్పుడల్ల ఆడికే తోల్కపోయేటోడు. ఇంట్ల మాట్లాడితె పోరనికి నామోషీ అయితదట అన్నడు. రైలొచ్చినప్పుడు మస్తు ముచ్చట వెట్టేటోడు. గా చప్పుట్ల ఎవ్వరేమనరు గదా."

సాయంత్రం నడకకు వెళ్తున్నారనే నేననుకున్నాను. రైలు వస్తేగానీ నోరు విప్పలేనంతగా ఆయన్ను భయపెట్టానని అనుకోలేదు. ఆ తర్వాత నాగపూర్ చేరేదాకా పెంచ్ అడవి రోడ్డు, గుంతలు, లారీల వరస, ఇవేవీ సరిగా గుర్తులేవు. అయిదింటికి ఊరి బయట లాడ్జీలో దిగాం.

రెండోరోజు మామ స్టీరింగ్ నాకిచ్చాడు. "గిది నీ కారు గాదు. క్లచ్ ఒక్కపారి తొక్కితె ఇనదు. ఒకపారి తొక్కి న్యూట్రల్‌కు గుంజు, ఇడిసిపెట్టు, మల్ల తొక్కి గేరెయ్యి" అని అరిచాడు. నేను గేరు మార్చినప్పుడల్లా బండి పళ్ళు కొరికినట్టు చప్పుడు. "గట్ల కసి దీర్చుకోకు, దానికీ పాణముంటది!" అని మరో అరుపు. హింగన్‌ఘాట్ దాటాక ఒక్కసారి గేరు చప్పుడు లేకుండా పడింది. మామ నా భుజం మీద చెయ్యేసి తీశాడు. నాయన సీటు ఎత్తు, ముందు కనిపించే పొడవాటి బానెట్టు, మోచేతికి కాలే తలుపు రేకు. ఇవన్నీ ఆయనకు రోజూ ఉండేవి. నాకు ఒక్కటీ తెలియదు. ఎప్పుడైనా అడిగితే కదా తెలిసేది. పెన్‌గంగ దాటి మన రాష్ట్రంలోకి వచ్చి, సాయంత్రానికి నిర్మల్‌లో ఆగాం.

మూడోరోజు తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఇంకాసేపట్లో కామారెడ్డి అనగా రోడ్డు మీద పొగ కనిపించింది. వంటావార్పు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ఉద్యమంలో ఊళ్ళకు ఊళ్ళు వచ్చి జాతీయ రహదారి మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తింటారు. బండ్లు ఆగిపోవాల్సిందే. మిగతా లారీలు ఆగాయి, ఎవరూ ఏమీ అనలేదు. మా ఆకుపచ్చ బండి కనిపించేసరికి జనం లేచారు. "ఫోర్సొచ్చింది! ఫోర్సు బండి!" అని కేకలు. పోలీసు బలగాలను దించడానికి వచ్చామనుకున్నారు. రాళ్ళు ఎత్తారు. స్టీరింగ్ ముందున్న నేను బ్రేకు తొక్కి ఇంజను ఆపేశాను.

మామ తలుపు తీసి మెట్టు మీద నిలబడ్డాడు. "ఓ అన్నలూ! ఫోర్సు గాదు, గీర్సు గాదు! నేను లింగంపల్లి యాదగిరిని! పొద్దుగాల నుంచి ఏం దినలే, జర ఇంత బువ్వ వెట్టున్రి!" అన్నాడు. ఆ చివర పొయ్యి దగ్గరున్న ఆడవాళ్ళకు కూడా వినపడి నవ్వారు. రాళ్ళు కిందపడ్డాయి. ఆ గొంతు లేకపోతే బండి అక్కడే పోయేది.

విస్తరిలో వేడన్నం, పచ్చిపులుసు. వడ్డించే పెద్దమ్మ నా మాట విని, "నీది గీ దిక్కు గాదు గదా బిడ్డా?" అంది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "కడప జిల్లా అవ్వా" అన్నాను. పక్క వరసలో తింటున్నవాళ్ళు తలలెత్తి నన్ను చూశారు. "మాది మాగ్గావాలంటున్నం గని, మీ నోటికాడి బువ్వ గుంజుకుంటమంటలేం. తిను" అని ఇంకో గరిటె వేసింది.

భోజనాలయ్యాక అక్కడున్న ఒక బడిపంతులుగారు హెచ్చరించారు, "ముందర ఇంక రెండు జాగల రోడ్డు మీద కూసున్నరు. గీ రంగుతోని పోతె అద్దాలు మిగలయి. సున్నంతోని రాపిచ్చుకోన్రి." నేను గొణిగాను. రెండు రోజులు కాపాడుకొచ్చిన రంగు అది. "రంగుదేముందిరా, ఇంజను రంగుతోని నడుస్తదా?" అని మామ కసిరాడు. పెద్దమ్మే చీపురుపుల్లల కట్ట సున్నంలో ముంచి మొదలుపెట్టింది. రెండు తలుపుల మీద, బానెట్టు మీద బారెడేసి అక్షరాలతో జై తెలంగాణ. ఆ తర్వాత రెండుచోట్లా చప్పట్లు కొట్టి దారిచ్చారు. మేడ్చల్‌లో కుడికి తిరిగి గండిమైసమ్మ, బాచుపల్లి, మియాపూర్ మీదుగా వస్తే సిటీ రద్దీ తప్పుతుంది. ఆఫీసు బస్సుల్లోంచి కుర్రాళ్ళు మాకు ఫోటోలు తీస్తుండగా అయిదింటికి మా గేటు ముందు ఆగాం.

అమ్మ కిందికి దిగి వచ్చి చూసింది. నేను ముందే సంజాయిషీ మొదలుపెట్టాను. నాయన బండి రంగు నీకు చూపించాలనుకున్నానమ్మా, ఇలా పాడైందని. "ఆ రంగు నాకేం తెల్సురా? పొటోలన్నీ నలుపూ తెలుపే గదా. నేను బూడిద రంగనుకుంటాంటి" అంది. తలుపు మీది అక్షరాలు తడిమి, సున్నం అంటిన అరచేయి చూసుకుని, "ఎవురు రాసినారు?" అని అడిగింది. "దారిలో మాకు అన్నం పెట్టినోళ్ళు" అన్నాను. తలూపింది.

వాచ్‌మన్ స్టూలు వేస్తే, మామ చేయందించి అమ్మను ఎక్కించాడు. ముందు సీట్లో కొంగు సర్దుకుని కూర్చుంది. నేను స్టార్టు చేశాను. మెయిన్ రోడ్డెక్కి నల్లగండ్ల వైపు, బండి పెట్టుకోవడానికి మాట్లాడుకున్న షెడ్డుకు బయలుదేరాం. అమ్మ ఏదో అంది. వినపడలేదు. మళ్ళీ అంది. "గట్టిగా చెప్పమ్మా!" అని అరిచాను. అరిచాక ఏమన్నానో తెలిసి కళ్ళు మసకబారాయి. అమ్మ బలమంతా తెచ్చుకుని అరిచింది, "షెడ్డు కాడ ఆపొద్దురా! ఇంకా దూరం పోనీ!"

మనుషుల్లో మనకు విసుగు తెప్పించేది చాలాసార్లు వాళ్ళ పని వాళ్ళ ఒంట్లో మిగిల్చిపోయినదే. బతికుండగా అడిగి తెలుసుకోవడానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. నాకు మూడు రోజులు, ఒక లారీ పట్టాయి, అయినా అడగాల్సిన మనిషి లేడు. ఇక ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒక్క సలహా. పాత మిలిటరీ బండి ఎక్కితే చెవుల్లో పెట్టుకోవడానికి దూది తప్పకుండా దగ్గర ఉంచుకోండి. గేటు దగ్గర అమ్మకు కూడా ఇచ్చాను. తీసుకోలేదు. "మీ నాయన విన్నది నన్నూ విననీరా" అంది.