బాపు పొట్ట, బస్సు స్టీరింగు

మా బాపు సిటీ బస్సు నడిపేవాడు. డెబ్బయ్యో దశకం చివర్లో, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఆయన పొట్టకూ స్టీరింగుకూ మధ్య సరిహద్దు తగాదా మొదలైంది. చక్రం ఎడమకు తిప్పితే పొట్ట కూడా కొంతదూరం ఎడమకు వెళ్లొచ్చేది. డిపో డాక్టరు ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి చూసి, వచ్చే పరీక్ష నాటికి తగ్గకపోతే బస్సు దింపి గేటు దగ్గర వేస్తామన్నాడు.

గేటంటే స్టూలు మీద కూర్చుని, వేరేవాళ్లు నడిపే బస్సులకు గొలుసు ఎత్తడం, దించడం. బాపుకు అది ఉద్యోగం కాదు, శిక్ష. చార్మినార్ దగ్గర పండగ రద్దీలో ఎవరి మోచేతికీ తగలకుండా బస్సు తీసే మనిషి ఆయన. తెలిసిన విద్య అదొక్కటే.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని, ఇక రాత్రిపూట అన్నం ముట్టనని ప్రకటించాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎవరైనా పోయారేమోనని పక్కింటివాళ్లు తొంగిచూశారు. నేను మాత్రం సకినాల డబ్బా అటక మీదికి ఎక్కించాను. ఆయన అన్నం గురించే మాట ఇచ్చాడు, సకినాల ఊసెత్తలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే నడక. శాలిబండలోని మా ఇంటి నుంచి ఉప్పుగూడ స్టేషను దాకా, మళ్లీ వెనక్కి. కాన్వాసు బూట్లు, మెడలో తువ్వాలు. అమ్మ యుద్ధానికి పంపినట్టు గుమ్మం దాకా సాగనంపేది. చెమటలు కక్కుతూ, మొహం నిండా తృప్తితో తిరిగొచ్చేవాడు. ఆ తృప్తి నడక వల్ల వచ్చిందే అనుకున్నాం.

నెల తిరిగాక తూకం. మా గల్లీ మలుపులో కట్టెల దుకాణం ఉండేది. దూలానికి వేలాడే పెద్ద తరాజులో బాపు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. దుకాణం చాచా రెండో పళ్లెంలో ఇనుప గుండ్లు పెట్టాడు. పోయిన నెల సరిపోయిన గుండ్లు ఈసారి గాల్లోకి లేచాయి. చాచా ఇంకో గుండు అందుకుంటూ, “కట్టెలైతే తడిసినయనుకుందు. మీకేమైంది డ్రైవర్ సాబ్?” అన్నాడు, నిజమైన సానుభూతితో.

మర్నాడు అమ్మ నన్ను ఆయన వెనకాలే పంపింది. పెద్ద పరిశోధన అవసరం పడలేదు. పాతబస్తీలో నడకకు ఆ వేళను ఎంచుకోవడమే పొరపాటు. రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన నహారీ, అంటే కాళ్ల పులుసు గిన్నెల మూతలు తీసేది సరిగ్గా అప్పుడే. పక్కనే వేడి వేడి కుల్చా రొట్టెలు. ఆ దారిలో బాపు స్నేహితుడు కానివాడు లేడు. హోటల్ భాయ్ పిలిచాడు, నహారీ. బేకరీ భాయ్ పిలిచాడు, బిస్కెట్లు. తిరుగుదారిలో దర్జీ ఇంటి అరుగు మీద చాయ్. ఎవరైనా చాయ్ తాగి పొమ్మంటే వద్దనడం మా దగ్గర చాయ్‌ని కాదనడం కాదు, మనిషినే కాదనడం.

మరి వాళ్లకు డాక్టరు సంగతి చెప్పొచ్చు కదా అని అడిగాను. గేటు మాట నలుగురికీ తెలిస్తే పరువేం కాను అన్నాడు. అంటే రోజూ పరువు కోసమే కుల్చాలు మింగుతున్నాడన్నమాట.

చూసిందంతా ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. మర్నాడు ఆమె చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

“నీకెందుకే, మోకాళ్లు నొస్తయ్,” అన్నాడు బాపు.

“నొస్తే ఆడ్నే కూసుంట. నువ్వు నడువు.”

వినోదం వదులుకోలేక నేనూ వెళ్లాను. ఆయన ముందు, అమ్మ రెండడుగులు వెనక. ఎవరైనా పిలిస్తే చెయ్యి పట్టి లాక్కురావాలన్నది ఆమె పథకం. హోటల్ భాయ్ ఎప్పటిలాగే చెయ్యెత్తాడు. అమ్మను చూశాడు. ఎత్తిన చెయ్యి సగంలోనే మలుపు తీసుకుని, గుండెల మీదికి చేరి సలాం అయిపోయింది. ఆ వెంటనే ఆయనకు గల్లాపెట్టెలో చాలా పని తగిలింది. ఇంటావిడతో వెళ్తున్న మనిషిని మగవాళ్ల హోటల్లోకి పిలవడం ఆ వీధుల్లో మర్యాద కాదు. బేకరీ భాయ్ వరసగా ఉన్న బిస్కెట్లను మళ్లీ వరస పెట్టాడు. దర్జీ సాసర్లో ఏదో వెతుక్కున్నాడు. బాపు ఉప్పుగూడ దాకా వెళ్లి ఖాళీ కడుపుతో ఇల్లు చేరడం అదే మొదలు.

అమ్మకు ఇదేదీ అర్థం కాలేదు. “గింతమంది దోస్తులంటివి, ఒక్కడు పిలుస్తలేడు. అందరితోని లొల్లి పెట్టుకున్నవా ఏంది?”

నాటకం అక్కడితో అయిపోయింది. తర్వాతవన్నీ చెప్పుకోవడానికి విసుగు పుట్టించే సంగతులు, పనిచేసినవీ అవే. అన్నం ఒట్టు స్థానంలో రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర వచ్చాయి. చాయ్‌లో చక్కెర సగమైంది. ఆదివారం మాంసం ఆగలేదు గానీ, అమ్మ నూనె తగ్గించింది, బాపు నిట్టూర్పులు పెంచాడు. కట్టెల దుకాణం చాచా గుండ్లను ఒక్కొక్కటిగా దించాడు. ఒక నెల అసలేమీ దించలేదు, బాపు తరాజు దిగకుండా మళ్లీ తూచమన్నాడు. ఈలోగా రెండడుగులు వెనక నడిచే అమ్మ పక్కకొచ్చింది, ఆ తర్వాత ముందుకెళ్లింది.

పరీక్ష రోజున డాక్టరు పొట్టకూ స్టీరింగుకూ మధ్య అరచెయ్యి పెట్టి చూశాడు. దూరింది. బాపు బస్సు బాపుకే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయనే వెళ్లి హోటల్ భాయ్‌కి గేటు కథంతా చెప్పాడట. ముందే ఎందుకు చెప్పలేదని భాయ్ నొచ్చుకుని, రేప్పొద్దున నహారీ తన తరఫున అన్నాడట. మర్నాడు బాపు చప్పుడు కాకుండా గడియ తీశాడు. వాకిట్లో అమ్మ అప్పటికే కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది.

“నాది పాసైందే. ఇంగ నువ్వు పండుకో,” అన్నాడు.

“నీ బస్సు నీకు దక్కింది. నాకేం దక్కింది? గీ పొద్దుగాల గంట దప్ప నేను ఇల్లు దాటేది ఎప్పుడు? నడువు.”

బాపు సాయం కోసం నా వైపు చూశాడు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

హోటల్ భాయ్ మాట తప్పే మనిషి కాదు. మధ్యాహ్నం నహారీ గిన్నె, కుల్చాలు ఇంటికే పంపించాడు. అమ్మా నేనూ కూర్చుని తిన్నాం. బాపు ఆ వేళకు బస్సు మీద ఉన్నాడు.