పన్నెండు లోపు, పన్నెండు దాకా

రిటైరవడానికి రెండేళ్ల ముందు, పత్తి కొనుగోళ్లు జోరుగా సాగే చలికాలంలో, నన్ను ఆదిలాబాద్ పంపించారు. అప్పుడు నేను కరీంనగర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికే బృందానికి పెద్దనన్నమాట. ఒక పత్తి కొనుగోలు కేంద్రంలో మా ప్రోగ్రాం ఆ రోజే మొదటిసారి నడవబోతోంది. తేమ మీటరు చూపిన అంకెను బట్టి బండిని తీసుకోవాలో తిప్పి పంపాలో అదే చెబుతుంది.

మా పరీక్షలను కూడా ప్రోగ్రాంగానే రాస్తాం. వచ్చిన విలువ ఉండాల్సినట్టు ఉందో లేదో తేల్చే ముక్కను మ్యాచర్ అంటాం. ఒకసారి రాసి పేరు పెట్టుకుంటే ఎన్ని పరీక్షల్లోనైనా వాడుకోవచ్చు. చదివితే మామూలు వాక్యంలా ఉండాలి, తేడా వస్తే ఏం రావాల్సింది, ఏం వచ్చింది అని చెప్పాలి. మా దగ్గర ఆ పని స్వప్నది. ఆమె మ్యాచర్లంటే నాకు మహా ముచ్చట. తేమ కోసం రాసినదానికి "లోపు" అని పేరు పెట్టింది.

మధ్యాహ్నం భూమన్న అనే రైతు ఖానాపూర్ అవతల నుంచి కిరాయి బండిలో పత్తి తెచ్చాడు. మీటరు సరిగ్గా పన్నెండు శాతం చూపింది. తెర మీద ఎర్రగా "తిరస్కరణ" అని పడింది.

"పన్నెండు లోపు ఉంటే తీస్కుంటమన్నరు గద సారూ. పన్నెండే వచ్చె, మల్ల ఒద్దంటరేంది?" అని భూమన్న కేంద్రం అధికారిని నిలదీశాడు. తిప్పి పంపితే బయటి వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చుకోవాలి, లేదంటే మళ్లీ కిరాయి పెట్టుకుని ఇంటికి పట్టుకుపోవాలి. అధికారి నా వైపు తిరిగాడు. "ఆయన జెప్పేది నిజమే. మా తాన లోపు అంటే పన్నెండు గూడ అండ్లనే" అన్నాడు.

స్వప్నకు ఫోన్ చేశాను. టెస్టులన్నీ పచ్చగనే ఉన్నయి సార్ అంది. తెర మీద పచ్చ రంగు అంటే టెస్టు పాసైనట్టు, ఎరుపు అంటే తప్పు పట్టినట్టు. మ్యాచర్ చదవమన్నాను. పన్నెండు కంటే తక్కువ అని ఉంది. "లోపు అంటే తక్కువనే గద సార్?" అంది. ప్రోగ్రాం రాసిన కుర్రాడూ అలాగే అనుకున్నాడట. ఇద్దరూ ఒకే మాటను ఒకేలా విన్నారు, కాబట్టి తప్పుకీ పరీక్షకీ చక్కగా జత కుదిరింది. పైగా మేం ముచ్చటపడి ఆ మ్యాచర్‌నే అన్ని చోట్లా వాడాం.

స్వప్న నొచ్చుకుంది గానీ మాటలతో పొద్దు గడపలేదు. "లోపు"ను తీసేసి రెండు మ్యాచర్లు రాసింది. "దాకా" అంటే ఆ అంకెతో కలిపి, "కంటే తక్కువ" అంటే ఆ అంకెను వదిలేసి. "దాకా" పెట్టగానే టెస్టులు ఎర్రబడ్డాయి. ప్రోగ్రాం సరిచేసి, అన్నీ మళ్లీ నడిపి, కొత్తది ఆదిలాబాద్ చేర్చేసరికి పొద్దు గూకుతోంది.

నిబంధన ప్రకారం శాంపిల్ మళ్లీ తీయాలి. ఏ క్షణాన పిలుస్తారో అని భూమన్న బండి మీది పరదా అప్పటికే విప్పి పెట్టుకున్నాడు. చలి దిగింది, పత్తి మీద మంచు పడింది. మీటరు ఈసారి పన్నెండు దాటింది. తెర మళ్లీ ఎర్రబడింది, ఈసారి న్యాయంగానే.

మధ్యాహ్నపు అంకె తీసుకోమని అధికారిని బతిమాలాను. ఒకసారి మూసిన ఎంట్రీని ప్రోగ్రాం తెరవనివ్వదన్నాడు. నిజమే, అలా తెరవనివ్వకూడదని కూడా మేం ఒక టెస్టు రాశాం. అదీ పచ్చగానే ఉంది.

"ఇప్పుడు మంచిగ జేసిన్రా సారూ?" అని భూమన్న అడిగాడు. చేశామన్నాను. ఆయన పరదా కట్టుకుని బండి తిప్పించాడు. నాకు చాలా బాధేసింది.

ఆ తర్వాత మా బృందంలో "లోపు" పేరుతో మ్యాచర్ లేదు. హద్దు మీద పడిన అంకె లోపలిదా, బయటిదా అన్నది ఆ హద్దు దగ్గర పనిచేసేవాళ్లను ముందే అడిగి రాసేవాళ్లం. ప్రోగ్రాంను సాయంత్రానికి సరిదిద్దవచ్చు. పత్తి సాయంత్రం దాకా అలాగే ఉండదు.