లావణ్య బుగ్గల మీద ఎరుపు

ఎనిమిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మొగుడికి చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలను. జాలి పడొద్దు, వినండి చాలు.

నర్సింగు రెండో ఏడు. హాస్టల్లో నా పక్క మంచం లావణ్యది. మా అమ్మ పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి పోయేది. ఆ పెంకు నూనెకి ఆమె వేళ్లు నల్లబడి, తోలు ఊడి ఉండేవి. ఒక ఆదివారం నాకోసం చేపల పులుసు వండి తెచ్చింది. లావణ్య ఆ చేతులు చూసి, అందరూ వినేలా, "ఇది కుష్టే! ముట్టుకోకండే," అంది. నర్సు కాబోయే పిల్ల! అమ్మ చేతులు కొంగులో దాచుకుని బస్సెక్కింది. దీని పని పట్టకపోతే నేను మా అమ్మ కడుపున పుట్టలేదని ఆ రోజే అనుకున్నాను.

కొన్ని నెలలకి రోగనిరోధక శక్తి పాఠం వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒక్కోసారి ఒంటి మీద పడతాయని, కంచే చేను మేయడమంటే అదేనని మేడమ్ చెప్పింది. అలాంటి జబ్బుల్లో ఒకటైన లూపస్ దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగిపోయింది. బుగ్గల నుంచి ముక్కు మీదుగా ఎర్రటి మచ్చ, ఎండకి అది పెరగడం, పొద్దున్నే కీళ్లు పట్టేయడం. మూత్రంలో నురగ కనిపిస్తే కిడ్నీల దాకా వచ్చిందేమోనని వెంటనే చూపించాలట. పక్క మంచం మీద నేను రోజూ చూస్తున్న మచ్చ అదే. క్లాసులో ఫస్టు నేను. నాకు తెలియకపోవడమేమిటి?

ఆ సాయంత్రం లావణ్యే నా దగ్గరికి వచ్చింది. పైకి నేను తనతో మామూలుగానే ఉండేదాన్ని.

"ఒసే, నా మొకం సూడే. పుస్తకంలో బొమ్మలాగే ఉన్నాది. పొద్దున్న లెగిస్తే సేతులు ముడుసుకోవట్లేదు. ఒంటేలుకెల్తే నురగ వస్తాది. బయమేస్తందే."

"ఏటే, టీబీ సదివితే నీకు టీబీ, సుగరు సదివితే సుగరు! రేపు కాన్పుల పాఠమైతే కడుపొచ్చిందంటావేటి? ఎండకి కందింది. నీకేటీ నేదు, పడుకో."

నవ్వేసింది పిచ్చిది.

ఏ పాఠం చదివితే ఆ జబ్బు తనకే వచ్చిందనుకోని పిల్ల మా హాస్టల్లో లేదు. అందుకే నా మాట అంత బాగా అతికింది. అంతటితో ఊరుకున్నానా? లావణ్య తనకి లూపస్ అనుకుంటోందని, తనకి తెలియకుండా గదిగదికీ మోసాను. అందరూ 'లూపస్ లావణ్య' అని పిలవడం మొదలుపెట్టారు. సిగ్గుతో తను డాక్టరు మాటే ఎత్తలేదు. నాకెంత హాయిగా ఉండేదో! కళ్ల కింద ఉబ్బు చూసి చెప్పేద్దామని ఒకట్రెండుసార్లు నోటిదాకా వచ్చింది, అప్పుడల్లా కొంగులో చేతులు దాచుకున్న అమ్మ గుర్తొచ్చి, ఇంకొక్క వారం ఏడవనీ అనుకునేదాన్ని. అలా అయిదు నెలలు. చివరికి వార్డులో ఫిట్స్ వచ్చి పడిపోయింది. అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి.

చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఆమదాలవలసలో పుట్టింట్లో ఉంటోంది, వారానికి మూడుసార్లు డయాలిసిస్. పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని వాళ్లమ్మతో అంది: "అమ్మా, అందరూ నన్ను ఎక్కిరిస్తే, బయపడకని దైర్యం సెప్పినది ఇదొక్కతే."

నేను తలూపాను. కాఫీ తాగి వచ్చేశాను.

పగ తీరిందా? లేదు. అమ్మను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, అదీ దాచను. కానీ నేను చెప్పింది ధైర్యం కాదు. ఆ జబ్బేమిటో నాకు తెలుసు. తెలిసే, లేదన్నాను.