సాక్ష్యం చెప్పాక ఆపేసిన గోలీలు

రెండు వేల ఏడు ప్రాంతంలో ఒక శనివారం నా భార్య రూతమ్మ ఎప్పటిలాగే ఇంటింటికీ తిరుగుతోంది. మాది ములకలపల్లి దగ్గర అడవి అంచు పల్లె. ముక్కూ మొహం తెలియనివాళ్ల గుమ్మం ముందు కూడా నిలబడి "రేపు ప్రార్థనకు రాండమ్మా" అని పిలవడం ఆమెకు అన్నం కంటే ఎక్కువ. నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. ఆమెను బండి మీద దింపి, విసుక్కుంటూ కూర్చునేవాణ్ణి.

ఆ రోజు ఊరికి కొత్తగా వచ్చిన అంగన్‌వాడీ టీచర్ నాగమణి ఇంటి ముందు, మాట మధ్యలో రూతమ్మకు దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీస్తే ఎర్రగా ఉంది.

నాగమణి నీళ్లు తెచ్చింది. "ఎన్నాళ్ల సంది దగ్గు అక్కా?"

"పాటలు పాడి పాడి గొంతు రాసుకపోయింది, గంతే. రేపు ప్రార్థనకు రా చెల్లె."

"నా సంగతి తర్వాత. ముందు నువ్వు జల్దీ దవాఖానకు పో."

దారి పొడుగునా బతిమాలాను, తిట్టాను. వినదే! "దేవుడు బాగుచేస్తడని అందర్నీ పిలిచేదాన్ని. నేనే దవాఖాన లైన్ల నిలబడితే ఎవరు నమ్ముతరయ్యా?" అంది. రోజూ సాయంత్రానికి జ్వరం, తెల్లారేసరికి చెమట, జాకెట్లు వదులైపోతున్నాయి. ఇక ఏ ఊరికీ దింపనని బండి తాళం జేబులో వేసుకున్నాక గానీ కదల్లేదు.

దవాఖానలో తెమడ పరీక్ష చేశారు. ఎక్స్‌రేకి కొత్తగూడెం పంపారు. డాక్టర్ గారు ఫిల్మ్ వెలుగులో పెట్టి చూశారు. "స్పుటమ్ పాజిటివ్. పల్మనరీ టీబీ, అంటే ఊపిరితిత్తులకు. ఆరు నెలల కోర్సు. మధ్యలో ఆపితే రెసిస్టెన్స్ వస్తుంది. అప్పుడు మామూలు మందు పనిచేయదు." పిల్లలిద్దరికీ పరీక్షలు చేయించి, ఏమీ లేదనేదాకా నాకు ముద్ద దిగలేదు.

అప్పట్లో వారానికి మూడు రోజులు డాట్ ప్రొవైడర్ ఎదుట, అంటే దగ్గరుండి మింగించే మనిషి ముందు, మందు మింగాలి. మా పల్లెకు ఆ ప్రొవైడర్ నాగమణే! రూతమ్మ మొహం మాడ్చుకునే వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ ప్రార్థనకు పిలిచేది. నాగమణి నవ్వి గ్లాసు చేతికిచ్చేది.

రెండు నెలలకు దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. చర్చిలో స్వస్థత కూటం పెట్టారు. రూతమ్మ లేచి, "నా రోగం పోయింది" అని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్లు ఏడ్చారు. ఆ మర్నాటి నుంచి గోలీలు బంద్.

"బాగైనానని చెప్పి మళ్ల మింగితే, దేవుణ్ణి నమ్మనట్టు గాదా?" అంది. నాగమణి ఇంటికొస్తే లోపలి గదిలో దాక్కుంది. రెండు వారాలు తిరిగాయో లేదో, వంటింట్లోంచి మళ్లీ ఆ దగ్గు వినబడింది. నా భార్య చచ్చిపోతుందని నిజంగా భయపడ్డాను.

ఆ ఆదివారం చర్చిలో పాస్టర్ అయ్యగారు వాక్యం చెబుతుండగా తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. నాగమణి. ఒక చేతిలో గోలీల స్ట్రిప్, ఇంకో చేతిలో నీళ్ల సీసా. నేరుగా ఆడవాళ్ల వరుసలోకి నడిచింది.

"పిలిచినవ్ గదక్కా, వచ్చిన. మింగు."

అయ్యగారు ఆగిపోయారు. అందరి కళ్లూ రూతమ్మ మీదే. తన సాక్ష్యం విని ఏడ్చినవాళ్లే అందరూ. ఆమె చెయ్యి చాచలేదు, అయ్యగారి వైపు చూసింది. ఆయన ఏం అంటారోనని నేను పిడికిళ్లు బిగించాను.

"మింగమ్మా," అన్నారాయన మెల్లగా. "నేను గూడ పొద్దుగాల షుగర్ గోలీ ఏసుకునే వచ్చిన. ఇన్నాళ్లు ఎవ్వరికీ చెప్పలే."

రూతమ్మ ఏడుస్తూ మింగింది. మర్నాడు దవాఖానకు వెళ్తే డాక్టర్ గారు గట్టిగా చీవాట్లు పెట్టి, మళ్లీ స్పుటమ్ చూసి, "అదృష్టం, నెగటివే ఉంది. కోర్సు పూర్తి చెయ్యండి" అన్నారు. పూర్తి చేసింది.

ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. శనివారాలు ఇంకా తిరుగుతోంది. దగ్గేవాళ్లు కనబడితే ముందు తెమడ పరీక్షకు పొమ్మంటుంది, తర్వాతే ప్రార్థనకు పిలుస్తుంది.

మీ ఇంట్లో టీబీ ఉంటే నాదొక్కటే మాట. డాక్టర్ ఆపమనేదాకా ఎదురుగా నిలబడి మింగించండి. దగ్గు ఉన్నన్నాళ్లు భయంతో వాళ్లే మింగుతారు. దగ్గు తగ్గాకే మీరు పక్కన ఉండాలి.