భోలా నోరు మూయించిన చెయ్యి

సూరన్న చెయ్యెత్తితే క్రేను ఆగిపోయేది. ఖిదిర్‌పూర్ రేవులో ముప్పై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని అదే. ఓడ మీద అంచున నిలబడి, అడుగున సరుకు సర్దే కూలీలను ఒక కంట చూస్తూ, క్రేను నడిపేవాడికి చేతులతో సైగలు చేయాలి. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. కిందినుంచి ఎవరు అరిచినా, వాడు నిన్న చేరిన కుర్రకుంకైనా సరే, ముందు బరువు ఆపాలి, ఏమిటని అడగడం ఆ తరవాతే. తన చేతి కింద ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని రిటైరయ్యాక కూడా టీ కొట్టు దగ్గర చెప్పుకునేవాడు. వినీ వినీ మాకు విసుగొచ్చింది గానీ, అది నిజమే.

అదే చెయ్యి ఇంట్లో మరోలా పనిచేసేది. భార్య అమ్మన్నమ్మ ఏదైనా అనబోతే అరచెయ్యి చూపించేవాడు. ఆమె సగం మాట మింగేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. మేమంతా అద్దెకుండే మేడలో మిగతా కాపురాలవాళ్లం కూడా నీళ్ల కొళాయి దగ్గర తగువులాడుకుంటూ ఆ చెయ్యి లేస్తే సర్దుకునేవాళ్లం. పెద్దమనిషి అంటే అలా ఉండాలని మేమే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం.

భోలా ఒక వానాకాలం రేవు గేటు దగ్గరనుంచి ఆయన వెంట వచ్చిన కుక్క. గోధుమరంగు, వేలాడే చెవులు. మెట్ల మధ్య మలుపులో గోనెపట్టా మీద పడుకునేది. కొన్నేళ్లపాటు దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. కిందటేడు ఎందుకో, పక్కనుంచి ఎవరైనా వెళితే గుర్రుమనడం మొదలుపెట్టింది.

కింది గదిలో మేరీరాణి ఉంటుంది. జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. మొగుడు పోయాక ఆ మిషనే ఆమెకు ఆధారం. బట్టలు ఆరేసుకోవడానికి రోజూ ఆ మలుపు దాటి డాబా మీదికి వెళ్లాలి.

"మావా, నీ కుక్క నన్ను సూసి గుర్రుమంటంది. బయంగా ఉంది" అని చెప్పింది ఒకనాడు.

"ఇంక అనదులే" అన్నాడు సూరన్న.

అన్నంత పనీ చేశాడు. భోలా గుర్రుమన్నప్పుడల్లా ముక్కు మీద అరచేత్తో ఒక్కటి వేసేవాడు. అది కళ్లు మూసుకుని తల కిందికి పెట్టేసేది. కొన్నాళ్లకు కొట్టే పని కూడా లేకుండా పోయింది. చెయ్యి కదిలితే చాలు, గొంతులోంచి వచ్చేది గొంతులోనే ఆగిపోయేది. తరవాత అసలు రావడమే మానేసింది. రేవులో క్రేను విన్నట్టే ఇంట్లో కుక్కా నా మాట వింటుందని నవ్వేవాడు. మేమూ నవ్వాం.

దసరా పూజలు దగ్గరికొచ్చాయి. మేరీరాణి గది నిండా కుట్టాల్సిన గుడ్డలే. ఆ రోజు బట్టల బకెట్టుతో మలుపు దగ్గర ఆగింది. భోలా గోడకు అంటుకుని ఒళ్లు బిగబట్టుకుని పడుకుని ఉంది. తన గది గుమ్మంలో సూరన్న నిలబడి ఉన్నాడు.

"ఎంత నెమ్మదైపోనాది మావా. పాపం, తల నిమరనా?"

"సెయ్యి పెట్టు, ఏటీ సెయ్యదు. నానున్నాను కదా."

ఆమె కుడిచెయ్యి దాని తల మీదినుంచి చెవి మీదికి జారింది. చిన్న చప్పుడైనా లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ దాని నోట్లో ఉంది. సూరన్న చెయ్యెత్తాడు. ఈసారి ఆ చెయ్యి దేన్నీ ఆపలేకపోయింది.

అమ్మన్నమ్మ పరుగెత్తుకొచ్చి ఆ చేతిని కొళాయి కింద పెట్టి సబ్బుతో కడుగుతూనే ఉంది. ఆసుపత్రిలో సూది వేస్తూ, కుక్కకు టీకాలు వేయించారా అని అడిగారు. సూరన్న తల అడ్డంగా ఊపాడు. ఇంటి కుక్కకు సూదులెందుకని ఆయన ఎన్నడూ వేయించలేదు. మేరీరాణి సూదులు వరసగా వేయించుకోవాలనీ, కుక్కను వదిలేయకుండా కళ్లెదుటే ఉంచుకుని కనిపెట్టాలనీ చెప్పి పంపారు.

మేడలో అందరిదీ ఒకటే మాట, నది దాటించి షాలిమార్ రైలు యార్డులో వదిలేసి రమ్మని. సూరన్న గోనెసంచి తీశాడు.

"డాకటేరు ఏటన్నాడు?" అంది అమ్మన్నమ్మ.

ఆయన అరచెయ్యి చూపించాడు. పెళ్లయిన నాటినుంచీ మొదటిసారి ఆమె ఆగలేదు.

"షాలిమార్‌లో మనుసులు లేరేటి? అక్కడ ఏ ఆడదాన్నో కరిత్తే ఆసుపత్రికి ఎవుడు తీసికెల్తాడు? మనం పెంచినాం. మనమే సూసుకోవాల."

ఆయన సంచి కింద పడేశాడు. కుక్క మూతికి గుడ్డ కట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, మందిచ్చి చంపేయమని అడగడానికే. డాక్టరు ఒక బెంగాలీ అమ్మాయి. వేలాడే చెవి పైకెత్తి చూపించింది. లోపల చీము కారి, పుండు లోతుకంటా దిగి ఉంది. చాలా నెలలనుంచీ నొప్పితో ఉందని చెప్పి, బెంగాలీలో అడిగింది.

"దగ్గరికి రావద్దని ముందే గుర్రుమని ఉండాలే. మీ కుక్క గుర్రుమనదా, దాదా?"

"అనదు" అన్నాడు సూరన్న, టీ కొట్టు దగ్గర చెప్పుకున్నట్టే. "ఆ అలవాటు నేను మాన్పించేశాను."

ఆ మాట తన చెవికి వినబడేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు తల వంచుకుని చెవి కడుగుతోంది. అడుగునుంచి ఎవరు అరిచినా బరువు ఆపిన మనిషి ఆయన. ఈ అరుపు ఎన్ని నెలలు విన్నాడు? విన్న ప్రతిసారీ ఏం చేశాడు? చంపమని అడుగుదామని వచ్చిన మాట ఇక నోటికి రాలేదు. టీకా వేయించి, చెవిలో వేసే మందూ మూతికి కట్టే జాలీ తీసుకుని ఇంటికి వచ్చాడు.

తిన్నగా మేరీరాణి గదికి వెళ్లాడు. ఆమె కట్టు కట్టిన చేత్తో గుడ్డను మిషను సూది కిందికి జరపబోయి, కుదరక ఊరుకుంది.

"అది నీకు సెప్పింది, మేరీ. నాకూ సెప్పింది. నానే దాని నోరు నొక్కీసినాను. సెయ్యి పెట్టమని కూడా నానే అన్నాను."

మేరీరాణి తన చేతి కట్టు వైపు చూసుకుంది. "నీ మాట నమ్మే పెట్టినాను మావా" అంది.

 తిట్టి ఉంటే బాగుండేదని ఆయన తరవాత నాతో అన్నాడు. పూజల బేరాలన్నీ వేరే దర్జీలకు వెళ్లిపోయాయి. సూరన్న ఆమె నీళ్లు మోశాడు, సూదికి వెళ్లిన ప్రతిసారీ పక్కనే నిలబడ్డాడు. మలుపులోని గోనెపట్టా తీసి తన గదిలో వేశాడు. కుక్క బయటికొస్తే గొలుసూ మూతికి జాలీ తప్పవు. ఇంటింటికీ వెళ్లి, తప్పు కుక్కది కాదనీ, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దనీ చెప్పాడు. తల దించుకుని చెప్పాడు. మేం కూడా తల దించుకునే విన్నాం.

చెవి మానింది. గొంతు మాత్రం రాలేదు. మందు వేస్తుంటే ఒళ్లు బిగబట్టేది, కళ్లు తెల్లగా తిప్పేది, అయినా పలికేది కాదు. ఎప్పుడు కరుస్తుందో తెలియని ఆ మౌనం చూస్తే ఆయనకు భయమేసేది. అంతకుమించి సిగ్గేసేది.

చేతి కట్టు విప్పిన వారం మేరీరాణి బట్టలతో పైకి వస్తూ సూరన్న గుమ్మానికి రెండు మెట్ల కింద ఆగింది. గదిలో గొలుసుతో ఉన్న భోలా తల ఎత్తింది. గొంతులో ఏదో సన్నగా కదిలింది. సూరన్న చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. కుక్క కళ్లు మూసుకుని తల నేలకు ఆనించేసింది.

మేరీరాణి అది చూసింది. కరిచిన నాడు కూడా ఆయనకు అంత సిగ్గు వేయలేదు. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియక వీపు వెనక దాచుకుని, గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"అనరా" అన్నాడు. "నానేటీ అన్ను. నీవు అను."

ఆమె బకెట్టు మెట్టు మీద పెట్టి అక్కడే నిలబడింది.  భోలా ఒక కన్ను తెరిచి ఆ చెయ్యి ఎక్కడుందో వెతికింది. కనబడలేదు. అప్పుడు, అదరుతూ అదరుతూ, గుర్రుమంది.

మేరీరాణి ఒక మెట్టు కిందికి దిగింది.

"ఇన్నానమ్మా" అంది, కుక్కతోనే.