మా అత్త అప్పడాలు, నా పేటెంటు

మొన్న శనివారం మా మేడమీద ఏం జరిగిందో చెప్తాను. ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి, పొలమారితే నా పూచీ కాదు. ఒక్కటి మాత్రం ముందే చెప్పేస్తున్నా: గెలిచాను! ఎలా గెలిచావని మాత్రం మధ్యలో అడక్కండి, పరువు పోతుంది.

ఇన్నాళ్ళూ బరంపురంలో మోటార్లకి వైండింగ్ చేసుకునేవాణ్ణా, మేడమీద సోలార్ పెట్టించాక నాకో పిచ్చి పట్టుకుంది. ప్యానెళ్ళు తుడిచే బండి తయారు చెయ్యాలి! ఏడాది పట్టింది. ముందు చిల్లులున్న మెత్తటి బెల్టు, దాని వెనక గాలి పీల్చే ఫ్యాను. ఆకులూ ఈకలూ బెల్టుకి అతుక్కుని వెనకున్న డబ్బాలో పడతాయి. పక్కనున్న పైపు నీళ్ళు చిమ్ముతుంది. అన్నీ రిమోట్ మీదే!

ఇంతలో ఊళ్ళో ఓ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు మూడు యంత్రాలకి పేటెంట్ దరఖాస్తు పెట్టిస్తామన్నారు. వైద్యంలో ఒకటి, ఎలక్ట్రానిక్స్‌లో ఒకటి, ఇంటిపనుల్లో ఒకటి. మొదటి రెండూ అయిపోయాయి. మూడోదానికి నేనూ, భంజనగర్ నుంచి నేల కడిగే బండి తెచ్చిన ఒకాయనా మిగిలాం. శనివారం పదింటికి ఇంటికే వచ్చి చూస్తామన్నారు.

ఆ వారమంతా నాకు మహా హుషారు. ఎందుకంటే ఇన్వర్టర్ మీద కరెంటు రోజురోజుకీ పడిపోతోంది! "చూశావా, దుమ్మెంత పేరుకుందో! తుడవగానే ఎలా లేస్తుందో చూడు" అన్నాను మా ఆవిడ సుజాతతో.

"ఏటండీ, ముందు ఆ నీళ్ళ మోటారు కట్టండి. ట్యాంకు పొర్లిపోతంది" అంది సుజాత. అదొక్కటే నాకున్న లోపం లెండి. మోటారు వేస్తే కట్టడం గుర్తుండదు, కుళాయి కడితే తిప్పడం గుర్తుండదు.

శనివారం కాలేజీ నుంచి పండా మేడమ్ వచ్చింది, ఫైలు పట్టుకుని. ఒడియా ఆవిడే గానీ తెలుగు బాగా మాట్లాడుతుంది. మేడెక్కి బండిని ఓసారి చూసి మొహం అదోలా పెట్టింది.

"రమణ బాబు, ఒక సంగతి నిజం చెప్తాను. ప్యానెల్ తుడిచేవి ఇప్పటికే బోలెడు పేటెంట్ అయిపోయాయి. ఇందులో ఇంతవరకూ ఎవరూ చెయ్యనిది ఏదైనా ఉందా? లేకపోతే నేను రికమెండ్ చెయ్యలేను."

ఏడాది కష్టం, దుకాణం మూసుకుని కూర్చున్న మధ్యాహ్నాలు, అన్నీ కళ్ళముందు కదిలాయి. "ముందు చూడండి మేడమ్!" అని బండిని చేతులెత్తి ఈ చివర ప్యానెల్ అంచు మీదికి తోసి, రిమోట్ నొక్కాను.

మా ప్యానెళ్ళు మనిషెత్తు ఫ్రేము మీద ఉంటాయి. కింద నిలబడ్డవాళ్ళకి పైన ఏముందో కనిపించదు. మెట్లగది కిటికీలోంచి చెయ్యి చాపితే మాత్రం అందుతాయి. ఈ కిటికీ సంగతి గుర్తుపెట్టుకోండి.

బండి కదిలింది. ఫట్... ఫట్... ఫట్! ఎప్పుడూ లేని చప్పుడు.

"ఏమిటా శబ్దం?" అంది మేడమ్.

"ఎండిపోయిన దుమ్ము మేడమ్! పెచ్చులు పెచ్చులుగా వస్తోంది!" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

బండి ఆ చివరికి వెళ్ళేసరికి ఇన్వర్టర్ మీద అంకె చర్రున లేచింది. మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి. ఇంక నన్ను పట్టుకునేవాడెవడు! "ఇప్పుడు డబ్బా చూడండి, ఎంత మురికి పట్టిందో" అంటూ స్టూలెక్కి బండి దించి, ఆవిడ ముక్కు కిందే మూత తీశాను.

లోపల అప్పడాలు!

మురికి లేదు, ఆకు లేదు, ఈక లేదు. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, దొంతర పేర్చినట్టు మినప్పప్పడాలు. జీలకర్ర కూడా కనిపిస్తోంది.

"ఏఇటా కణ, రమణ బాబు?" మేడమ్ తెలుగు మర్చిపోయింది. ఇదేమిటని అడుగుతోంది. మూత మూసి మళ్ళీ తీశాను, అప్పడాలే!

సరిగ్గా అప్పుడే మెట్లగదిలోంచి మా అత్త కేక. సుజాత వాళ్ళమ్మ, దిగపహండి ఊరి మనిషి, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"ఓలమ్మో! నా అప్పడాలేయే? కిటికీ కింద నల్లద్దాల మీద ఎట్టినాను, ఒక్కటీ నేదు! కాకులెత్తుకుపోనాయేటి?"

సుజాత పరిగెత్తుకొచ్చింది. "ఆటి మీద ఎందుకెట్టినావే అమ్మా?"

"సీర మీద ఏత్తే అంటుకుపోతన్నాయి. తీత్తే సిరిగిపోతన్నాయి. అద్దం మీద ఎండ బాగా తగులుతాది గదా! వారం నుండీ అక్కడే ఎడతన్నాను!"

వారం నుండీ! అంటే నేను దుమ్ము, దుమ్ము అని ఊరంతా చెప్పుకున్నది మా అత్త అప్పడాలన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. రిమోట్ జేబులో పెట్టేసుకుని, "సారీ మేడమ్, టీ తాగి వెళ్ళండి" అన్నాను.

మేడమ్ కదల్లేదు. ఒక అప్పడం తీసి వెలుగుకి ఎత్తి చూసింది. వంచింది. ఇంకోటి తీసింది. "ఇవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఒక్కటీ చిరగలేదేం?"

అత్త వచ్చి డబ్బా లాక్కుని మొత్తం తిరగేసింది. "అవునే! నా సేత్తో తీత్తేనే నాలుగు పోతాయి. ఇదేటి బాబూ, నీ బండి ఇంత సుబ్బరంగా తీసీసింది!"

మా అత్త నన్ను మెచ్చుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు!

"మరి నీళ్ళు చిమ్ముతుందన్నారు? నీళ్ళు పడితే ఇవన్నీ పిండి ముద్ద కావాలే?" అంది మేడమ్.

అందరం పైపు వైపు చూశాం. కుళాయి కట్టేసే ఉంది. తిప్పడం మర్చిపోయాను.

మేడమ్ అక్కడే పిట్టగోడ మీద కూర్చుని ఫైలు తెరిచింది. "ప్యానెల్ సంగతి వదిలెయ్యండి. ఈ ఊళ్ళో ఇన్ని ఇళ్ళలో అప్పడాలు చేస్తారు, అందరూ చేత్తోనే తీస్తారు. పచ్చి అప్పడం చిరక్కుండా తీసే బండి నేనైతే ఎక్కడా చూడలేదు. అద్దం పలక మీద ఎండబెట్టడం, గాలితో ఎత్తడం, రెండూ కలిపి రాద్దాం. పాతవి వెతికిస్తాను గానీ, నా రికమెండేషన్ మీకే!"

ఎగిరి గంతేశాను! నిజంగానే గంతేశాను, పక్కనున్న స్టూలు మీద పడితే దాని కాలు వంకరపోయింది.

"ఇన్వెంటర్ పేరు?" అంది మేడమ్. నేను గొంతు సవరించుకునేలోపు మా అత్తవైపు తిరిగింది. "మావుసీ, అద్దం మీద పెట్టాలని ఎవరికి తోచింది?"

"నాకే! ఇంకెవులికి తోత్తాది?"

మొదటి పేరు మా అత్తది పడింది. రెండోది నాది. ఆ పక్కన, ఎవరు ఏం కనిపెట్టారో రాసే గడి ఒకటుంది. అత్తకి 'అద్దం మీద ఎండబెట్టే పద్ధతి' అని రాసింది. నా గడి దగ్గర కాసేపు ఆలోచించి 'నీళ్ళు వాడకుండా తీసే పద్ధతి' అని రాసింది. దేవతండీ ఆవిడ!

ఇవాళ పొద్దున్న కాఫీ తాగుతూ దరఖాస్తు కాపీ మూడోసారి చదువుకుంటున్నా. పైన ట్యాంకు పొర్లుతోంది. సుజాత వంటింట్లోంచి అరుస్తోంది. "కాస్త మర్యాదగా పిలు, ఇన్వెంటర్‌ని!" అన్నాను కాలు మీద కాలేసుకుని.

"ఇన్వెంటరు ఆ గదిలో అప్పడాలొత్తుతంది. మీరు రెండో పేరు గదా, ఎల్లి మోటారు కట్టండి."

వెళ్ళి కట్టేశాను.